దిండు మీద స్టిక్స్ సాధన: చప్పుడు లేకుండా చేతి పని ఎలా పెంచుకోవాలి

హనుమకొండలో అద్దె గదిలో ఉంటూ డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు మొదటి సమస్య తాళం కాదు, ఇంటి ఓనర్. నయీంనగర్, కిషన్‌పుర, సుబేదారి సందుల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి. పక్క గదిలో ఎవరో గ్రూప్స్‌కు చదువుకుంటూ ఉంటారు. డ్రమ్ బదులు సాధనకు వాడే రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ చప్పుడు కూడా రాత్రి పది దాటాక కింది ఇంటికి టక్ టక్‌మని వినిపిస్తుంది. అందుకే చాలామంది దిండు మీద వాయించడం మొదలుపెడతారు.

మొదలుపెట్టడానికి కారణం చప్పుడే అయినా దిండు వల్ల వచ్చే అసలు లాభం వేరు. అది స్టిక్‌ను పైకి ఎత్తడం నేర్పుతుంది. కొట్టడం నేర్పదు. ఈ ఒక్క తేడా తెలియక, దిండును బాదుతూ ఏడాది గడిపి, స్నేర్ (కిట్‌లో మధ్యన ఉండే ముఖ్యమైన చిన్న డ్రమ్) ముందు కూర్చోగానే చేతులు కొయ్యబారిపోయేవాళ్లు ఉన్నారు. దిండు మీద ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎప్పుడు వదిలేసి గట్టి ప్యాడ్ ముందుకు రావాలి అన్నదే ఈ వ్యాసం. చర్చిలో డ్రమ్ కిట్ వాయించేవాళ్లకు, కాలేజీ బ్యాండ్ వాళ్లకు, బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ పట్టేవాళ్లకు పనికొస్తుంది. డప్పు వాయించేవాళ్లకు కొంతవరకే పనికొస్తుంది, ఎందుకో తరువాత చెప్తాను.

ముందు చేతిలో ఏం జరుగుతుందో తెలుసుకోండి

బిగుతుగా ఉన్న స్నేర్ మీద స్టిక్ వేస్తే హెడ్, అంటే డ్రమ్ మీద బిగించిన పొర, కొద్దిగా సాగి, మళ్లీ వెనక్కి వస్తూ స్టిక్‌ను పైకి పంపుతుంది. అంటే ఒక దెబ్బలో సగం పని మీది, సగం డ్రమ్‌ది. దిండులో ఆ సాయం లేదు. స్టిక్ ఇచ్చిన శక్తిని దూది పోగుల రాపిడి, లోపలి గాలి తినేస్తాయి. స్టిక్ పడిన చోటే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ పైకి తేవాల్సింది మీ ముంజేయి పైవైపు కండరాలు. మణికట్టును వెనక్కి విరిచేవి అవే. అరచేతిని బల్ల మీద బోర్లా ఆనించి, చేతివేళ్లను పైకి లేపితే మోచేతి దగ్గర కదిలే కండరాలను పట్టుకుని చూడవచ్చు.

నాట్లేసే పొలంలో నడిచినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది: బురదలో కాలు వేయడం కష్టం కాదు, తీయడమే కష్టం.

మామూలు డ్రమ్ మీద ఈ కండరాలకు పెద్దగా పని ఉండదు, అందుకే అవి బలహీనంగా ఉండిపోతాయి. వేగం పెరిగినప్పుడు ఒక చేయి వెనకబడటానికి ఇది పెద్ద కారణం. కుడిచేతివాటం వాళ్లకు ఎడమ చేయి కొట్టలేక వెనకబడదు, ఎత్తలేక వెనకబడుతుంది. ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) దగ్గరికి వెళ్లగానే స్నేర్ మీద చక్కగా వచ్చిన రోల్, అంటే ఎడతెగని వేగమైన దెబ్బల వరస, చెదిరిపోవడానికీ అదే కారణం. ఫ్లోర్ టామ్ హెడ్ వదులుగా ఉంటుంది, స్టిక్‌ను అంతగా వెనక్కి పంపదు. చాలా చర్చిల్లో ఏళ్ల తరబడి హెడ్లు మార్చని పాత కిట్లు ఉంటాయి. వాటి మీద వాయించేవాళ్లకు దిండు సాధన నేరుగా అక్కరకొస్తుంది.

దేని మీద వాయించాలి

ఇంట్లో ఉన్న వస్తువులు చాలు, కొనాల్సింది ఏమీ లేదు. కానీ అన్ని మెత్తని వస్తువులూ ఒకటి కావు.

నాకు అన్నిటికంటే నచ్చింది జంపఖానా, అంటే దర్రీ. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ దర్రీలు 2018లో జీఐ గుర్తింపు పొందినవి, మందమైన నూలు నేత. పెళ్లికో పేరంటానికో పరిచే పాతది ఒకటి చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. దాన్ని మడిచి చెక్క పీట మీద లేదా స్టూల్ మీద వేయండి. రెండు మడతలతో స్టిక్ ఇంకా కొంచెం ఎగురుతుంది. నాలుగు మడతలకు ఆ ఎగురుడు సగం చస్తుంది. ఎనిమిది మడతలకు దాదాపు ఏమీ మిగలదు. అంటే కష్టాన్ని మీకు కావాల్సినంత పెంచుకుంటూ పోవచ్చు. దిండుతో ఆ సౌకర్యం లేదు, అది మొదటి రోజు నుంచే పూర్తి కష్టం. దర్రీ లేకపోతే పాత చద్దర్లు మడిచినా సరిపోతుంది.

దిండు వాడాలంటే బాగా నలిగిన పత్తి దిండు మంచిది. బూరుగు దూది దిండు మరీ మెత్తన, స్టిక్ కొన లోపలికి కూరుకుపోయి దారి తప్పుతుంది. ఫైబర్ దిండులో కాస్త స్ప్రింగ్ గుణం ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే నయం. మెమరీ ఫోమ్ దిండు అన్నిటికంటే కఠినం, దాన్ని చేతులు అలవాటయ్యాక చూడండి.

ప్రాక్టీస్ ప్యాడ్ ఉన్నవాళ్లు దాని మీద టర్కీ టవల్ మడిచి వేస్తే చాలు. టవల్ తీస్తే మళ్లీ గట్టి ప్యాడ్. అటూ ఇటూ మారడానికి ఇంతకంటే సులువైనది లేదు.

బియ్యం బస్తా, ఇసుక సంచి మాత్రం వద్దు. అవి స్టిక్‌ను పైకి పంపవు నిజమే, కానీ మెత్తగా కూడా ఉండవు. దెబ్బ అదురు అంతా నేరుగా మణికట్టుకు వస్తుంది. బస్తా మీద సాధన చేస్తే చేతులు ఇనుమవుతాయని చెప్పేవాళ్లు ప్రతి మేళంలోనూ ఒకరుంటారు. వాళ్ల మాట వినకండి. తొడ మీద వాయించడం బస్సులో కాలక్షేపానికి పర్వాలేదు. అదే సాధన అనుకుంటే మాత్రం చేతి కోణం చెడిపోతుంది.

స్టిక్స్ విషయానికొస్తే మామూలుగా మీరు వాయించేవే వాడండి. చాలామంది దగ్గర ఉండేది 5ఏ: సుమారు 14 మిల్లీమీటర్ల మందం, 40 సెంటీమీటర్ల పొడవు. బరువైన 2బీ స్టిక్స్‌తో దిండు మీద సాధన చేస్తే బలం త్వరగా వస్తుందని చాలామంది నమ్ముతారు. కొంత నిజమే అయినా మొదటి రెండు నెలలు వద్దు. దిండే ఒక బరువు, దాని మీద ఇంకో బరువు ఎందుకు? ఇనుప స్టిక్స్ అసలే వద్దు.

కూర్చోవడం

మంచం మీద బాసిపెట్లు వేసుకుని, దిండును ఒళ్లో పెట్టుకుని వాయించడం అందరూ చేసే పని. నడుము వంగుతుంది, మోచేతులు పక్కటెముకలకు అతుక్కుంటాయి, స్టిక్ కొన పైకి చూస్తూ ఉంటుంది. దిండును స్టూల్ మీదో ప్లాస్టిక్ కుర్చీలోనో పెట్టి, మీరు ఇంకో కుర్చీలో కూర్చోండి. తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా దిగువకు వాలి ఉండాలి. దిండు పైభాగం బొడ్డు కంటే కాస్త కిందికి రావాలి. భుజాలు వదిలేసి, మోచేతులను ఒంటికి ఆనించకుండా, అలాగని పక్కకు లేపకుండా ఉంచండి.

దిండు నున్నగా ఒకే రంగులో ఉంటే దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియదు. ముదురు రంగు పాత గుడ్డ పరిచి, సుద్దముక్కతో రూపాయి బిళ్లకు రెండింతల సున్నా ఒకటి గీయండి. రెండు స్టిక్స్ కొనలూ అందులోనే పడాలి. మెత్తని చోట దెబ్బ జరిగిపోవడం చాలా సులువు, ఎందుకంటే గుంట పడగానే స్టిక్ పక్కకు జారుతుంది.

ఇంకో చిట్కా: దిండు మీద ఒక న్యూస్ పేపర్ పరవండి. దిండు చేసే పెద్ద హాని చప్పుడును దాచేయడం. రెండు చేతులూ ఒకేలా పడుతున్నాయో లేదో వినపడదు, తాళం తప్పినా తెలియదు. పేపర్ ఉంటే ప్రతి దెబ్బా చిన్నగా పటుక్కుమని వినిపిస్తుంది, పక్క గదికి మాత్రం వినిపించదు. పేపర్ చిరిగిపోతోందంటే మీరు నొక్కి కొడుతున్నారని అర్థం.

పట్టు

రెండు చేతులూ ఒకేలా పట్టుకునే మ్యాచ్డ్ గ్రిప్ అనుకునే చెప్తున్నాను. స్టిక్ లావు చివర నుంచి దాదాపు మూడో వంతు దగ్గర పట్టుకోండి. బొటనవేలు ఒక పక్క, చూపుడు వేలి మొదటి కణుపు ఇంకో పక్క. మధ్య వేలు కింద ఆసరాగా ఉండాలి. మిగతా రెండు వేళ్లు స్టిక్‌ను ముట్టుకుని ఉండాలి, బిగించకూడదు. అరచేయి నేల వైపు చూడాలి, లేదా కొద్దిగా లోపలికి తిరగాలి. బొటనవేలు ఆకాశం వైపు ఉండే ఫ్రెంచ్ గ్రిప్‌లో పని ఎక్కువగా వేళ్లది. దిండు మీద మొదట నేర్వాల్సింది మణికట్టు పని కాబట్టి దాన్ని తర్వాత చూడవచ్చు.

దిండు ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ చేసే తప్పు ఇక్కడే మొదలవుతుంది. స్టిక్ పైకి రాకపోయేసరికి, దాన్ని జారనివ్వకూడదని వేళ్లు బిగుసుకుంటాయి. బొటనవేలు, చూపుడు వేలి మధ్య పట్టు పిడికిలి అవుతుంది. పది నిమిషాల్లో ముంజేయి రాయి అవుతుంది, దాన్ని చూసి బలం పెరుగుతోందని మురిసిపోతారు. అది బలం కాదు, బిగింపు. దాన్నే రేపు డ్రమ్ దగ్గరికి మోసుకెళ్తారు.

పరీక్ష సులువే. వాయిస్తూ ఉండగా ఇంట్లో ఎవరినైనా స్టిక్ కొన పట్టుకుని లాగమనండి. కొద్దిగా అడ్డుపడి బయటికి రావాలి. లాగినవాళ్లు మీ చేతిని కూడా లాక్కుపోతే పట్టు ఎక్కువైనట్టే. ఒంటరిగా ఉంటే ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి ఆగి, చిటికెన వేలు, ఉంగరపు వేలు స్టిక్ నుంచి తీసి చూడండి. స్టిక్ పడిపోకూడదు, వణకకూడదు.

మొదటి అభ్యాసం: వేయి, ఎత్తు, ఆగు

మొబైల్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టుకోండి, 60 మీద (నిమిషానికి 60 బీట్లు) ఉంచండి. ఇయర్‌ఫోన్ ఒక చెవికి చాలు.

ఒక చేతితోనే మొదలుపెట్టండి. స్టిక్ కొన దిండు నుంచి జానెడు ఎత్తులో ఉండాలి. బీట్ మీద దెబ్బ వేయండి. వేసిన వెంటనే మళ్లీ జానెడు ఎత్తుకు తెచ్చి గాలిలో ఆపండి. తరువాతి బీట్ వచ్చేదాకా అక్కడే ఉండాలి. మళ్లీ వేయండి.

చాలామంది వేసి, దిండులో ఒక క్షణం ఆనించి, తీరుబడిగా ఎత్తుతారు. అలా కాదు. వేయడం, ఎత్తడం రెండు పనులు కావు, ఒకటే కదలిక. కొన దిండును తాకే లోపే మణికట్టు తిరుగు ప్రయాణం గురించి ఆలోచించాలి. కొన గుంటలో కూర్చున్నట్టు కంటికి కనిపిస్తే ఆలస్యమైనట్టే. ఫోన్ స్లో మోషన్‌లో వీడియో తీసి చూసుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అద్దం కంటే ఇదే నమ్మకమైనది, ఎందుకంటే వాయిస్తూ అద్దంలో చూస్తే తల పక్కకు తిరుగుతుంది, దాంతో భుజమూ తిరుగుతుంది.

దెబ్బ బలం గురించి అసలు పట్టించుకోకండి. స్టిక్ తన బరువుతో పడితే చాలు. మీ శ్రమంతా పైకి తీసుకురావడం మీదే ఉండాలి. మోచేయి కదులుతోందా? భుజం లేస్తోందా? అయితే ఎత్తు తగ్గించండి, జానెడు బదులు బెత్తెడు చేయండి. మణికట్టు ఎత్తగలిగినంతే ఎత్తు.

కుడి చేయి ఒక నిమిషం, ఎడమ చేయి ఒకటిన్నర నిమిషం. ఎడమకు ఎప్పుడూ కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. ఎడమచేతివాటం అయితే తిప్పుకోండి.

రెండోది: చేతికి ఎనిమిది

ఇప్పుడు ఆగడం తీసేయండి. అదే 60 మీద బీట్‌కు రెండు దెబ్బలు, కుడి ఎనిమిది, ఎడమ ఎనిమిది, మార్చుకుంటూ రెండు నిమిషాలు. అన్నీ ఒకే ఎత్తు. చివరి రెండు దెబ్బలు తగ్గిపోతుంటాయి, చూడండి. చేయి మారే ముందు ధ్యాస రెండో చేతి మీదికి పోయి మొదటిది వాలిపోతుంది.

ఎత్తు చెడకుండా రెండు నిమిషాలు వచ్చిన రోజున మెట్రోనోమ్‌ను 4 పెంచండి. 64, 68, 72. దిండు మీద 100 దాటాలని టెన్షన్ పడొద్దు. బీట్‌కు రెండు చొప్పున 90 దగ్గర శుభ్రంగా వస్తే గట్టి ప్యాడ్ మీద మీ వేగం దానంతట అదే పెరిగి ఉంటుంది. దిండు మీద వేగం గొప్ప కాదు, ఎవరూ వినరు కూడా.

మూడోది: యాక్సెంట్, కానీ సగమే

యాక్సెంట్ అంటే మిగతావాటి కంటే గట్టిగా వినిపించే దెబ్బ. నాలుగు దెబ్బల్లో ఒకటి జానెడు ఎత్తు నుంచి, మిగతా మూడు రెండు వేళ్ల ఎత్తు నుంచి. మొదట కుడి చేయి, తరువాత ఎడమ.

ఇక్కడ దిండు మోసం చేస్తుంది. నిజమైన డ్రమ్ మీద యాక్సెంట్ వేశాక స్టిక్ పైకి లేస్తుంది. దాన్ని లేవనివ్వకుండా కింద ఆపడమే డౌన్‌స్ట్రోక్‌లో ఉన్న నైపుణ్యం. దిండు మీద ఆ స్టిక్ ఎలాగూ లేవదు, ఆపే పని దిండే చేసి పెడుతుంది. కాబట్టి మీ డౌన్‌స్ట్రోక్ అద్భుతంగా వస్తున్నట్టు కనిపిస్తుంది. నమ్మకండి. డౌన్‌స్ట్రోక్ గట్టి ప్యాడ్ మీదే నేర్చుకోవాలి, దానికి దొడ్డిదారి లేదు.

దిండు నిజంగా నేర్పేది అప్‌స్ట్రోక్. నాలుగో దెబ్బ, అంటే తరువాతి యాక్సెంట్‌కు ముందు వచ్చే చిన్న దెబ్బ, రెండు వేళ్ల ఎత్తు నుంచి పడి జానెడు ఎత్తుకు లేవాలి. దెబ్బ చిన్నది, ఎత్తుడు పెద్దది. ఈ అభ్యాసంలో మీ ధ్యాసంతా ఆ నాలుగో దెబ్బ మీద పెట్టండి. ఒకటి, రెండు, మూడు ఎలా పడ్డా ఫర్వాలేదు. లేచేటప్పుడు మొదట మణికట్టు లేవాలి, కొన దాని వెంట రావాలి.

నాలుగోది: డబుల్స్

ఒక్కో చేతికి రెండేసి దెబ్బలు: కుడి కుడి, ఎడమ ఎడమ. డ్రమ్ మీద రెండో దెబ్బను చాలామంది వాయించరు. మొదటి దెబ్బ ఎగురుడుతో అది దానంతట అదే పడుతుంది. అందుకే రెండోది ఎప్పుడూ బలహీనంగా ఉంటుంది, అది తెలియను కూడా తెలియదు. దిండు మీద ఆ బండారం బయటపడుతుంది. రెండో దెబ్బ మీరు వేస్తేనే ఉంటుంది.

మొదట 60 మీద బీట్‌కు రెండు దెబ్బలతో, రెంటినీ మణికట్టుతోనే వేయండి. కుదిరాక బీట్‌కు నాలుగు చేయండి. ఇక్కడ మణికట్టు ఒక్కటే సరిపోదు. మొదటి దెబ్బకు మణికట్టు దిగుతుంది, వేళ్లు కాస్త తెరుచుకుంటాయి. రెండో దెబ్బకు మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు స్టిక్ లావు చివరను అరచేతి వైపు లాగుతాయి, అదే సమయంలో మణికట్టు పైకి లేవడం మొదలుపెడుతుంది. తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. రెండో దెబ్బ ముగిసేసరికి చేయి మళ్లీ ఎత్తులో ఉండాలి.

ఇది చదివినంత సులువుగా రాదు. వారంలో రాకపోతే చేతకాలేదనుకోకండి. రెండో దెబ్బను కావాలని గట్టిగా వేసి చూడండి: చిన్నది పెద్దది, చిన్నది పెద్దది. కొన్నాళ్లకు రెండూ సమానమవుతాయి. జంపఖానా రెండు మడతలతో మొదలుపెట్టి మడతలు పెంచడం ఈ అభ్యాసానికే అన్నిటికంటే ఎక్కువగా పనికొస్తుంది.

ఐదోది: పారడిడిల్

కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. పైన నేర్చుకున్నవన్నీ ఇందులో ఉన్నాయి. 60 మీద బీట్‌కు నాలుగు, మూడు నిమిషాలు. మొదటి దెబ్బకు యాక్సెంట్ ఇవ్వండి. అలవాటయ్యాక యాక్సెంట్‌ను రెండో దెబ్బకు, మూడో దెబ్బకు మార్చండి.

దిండు మీద చేయకూడనివి

పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో 40 రూడిమెంట్ల (డ్రమ్ వాయింపుకు పునాది అయిన చిన్న దెబ్బల వరసల) జాబితాను ఖరారు చేసింది. కిట్ నేర్చుకునేవాళ్లు చాలామంది ఆ జాబితాను వరసగా దిండు మీద పూర్తి చేయాలని చూస్తారు. సింగిల్స్ (కుడి ఎడమ కుడి ఎడమ), డబుల్స్, పారడిడిల్స్ వరకు సరే. పెద్ద దెబ్బకు కాస్త ముందు రెండో చేతితో చిన్న దెబ్బ వేసే ఫ్లామ్ కూడా పర్వాలేదు, రెండు స్టిక్స్ ఎత్తుల మధ్య తేడా చూసుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ బజ్ రోల్ మాత్రం దిండు మీద కుదరదు. స్టిక్‌ను హెడ్ మీద నొక్కి వదిలితే అది తనంతట తాను గబగబా ఎగరడమే బజ్. ఎగురుడు లేని చోట దాన్ని నేర్చుకోవడం ఎండిన చెరువులో ఈత నేర్చుకోవడమే. వేళ్లతో స్టిక్‌ను ఆడించే వేగమైన పని కూడా అంతే. ఎగిరే స్టిక్‌ను వేళ్లు అందుకోవడం దాని అసలు స్వభావం, కాబట్టి అది ప్యాడ్ మీద చేయండి.

అమెరికా డ్రమ్మర్ సాన్‌ఫర్డ్ మోలర్ పేరుతో ప్రచారంలో ఉన్న కొరడా దెబ్బలాంటి పద్ధతి కూడా మొదట గట్టి ప్యాడ్ మీదే నేర్చుకోండి. చేతి బరువు, ఎగురుడు కలిసి నడిచే పద్ధతి అది. దిండు మీద చేస్తే భుజం ఊపడమే మిగులుతుంది.

వెంటనే ప్యాడ్ మీదికి రండి

దిండు సాధనలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. దిండు ముగిసిన వెంటనే, చేతులు ఇంకా వేడిగా ఉండగానే, గట్టి ప్యాడ్ మీద కనీసం ఐదు నిమిషాలు వాయించండి. ప్యాడ్ లేకపోతే చెక్క పీట మీద పాత మౌస్ ప్యాడ్ పరిస్తే పని నడుస్తుంది. అవే అభ్యాసాలు, అదే 60 వేగం.

మొదటి అర నిమిషం స్టిక్స్ చేతిలో నిలవవు. ఎక్కువ ఎత్తుకు లేస్తాయి, గాలిలో తేలినట్టు ఉంటుంది. మీరు ఎత్తుతున్నారు, ప్యాడ్ కూడా ఎత్తుతోంది, రెండూ కలిశాయి. ఇప్పుడు మీ ఎత్తుడును క్రమంగా తగ్గించుకుంటూ ప్యాడ్ పని ప్యాడ్‌ను చేయనివ్వండి. పట్టు వదులు చేయండి. ఎంత తక్కువ శ్రమతో జానెడు ఎత్తు వస్తుందో చూడండి. ఈ సర్దుబాటు రోజూ చేయకపోతే స్టిక్ తనంతట తాను లేస్తున్నప్పుడు కూడా దాన్ని లాగే అలవాటు పడుతుంది. స్నేర్ మీద వాయింపు గరుకుగా, పొడిపొడిగా వినిపిస్తుంది.

మొత్తం ఇరవై నిమిషాలైతే లెక్క ఇలా ఉంటే బాగుంటుంది: ప్యాడ్ మీద మూడు నిమిషాలు చేతులు వేడెక్కించడం, దిండు పది నిమిషాలు, మళ్లీ ప్యాడ్ ఏడు నిమిషాలు. దిండు సమయం ఎప్పుడూ సగం దాటనివ్వకండి. వారానికి నాలుగైదు రోజులు చాలు. మే నెల ఎండల్లో అరచేతులు చెమట పట్టి స్టిక్ జారితే తెలియకుండానే పట్టు బిగుస్తుంది. తువ్వాలు పక్కన పెట్టుకోండి, లేదా పొద్దున్నే లేచి చేయండి.

డప్పు, డోలు వాయించేవాళ్లకు

డప్పుకు రెండు పుల్లలు రెండు తీర్లుగా ఉంటాయి. కుడిచేతిలో లావు సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. ఎడమ చేయి డప్పు అంచును కూడా పట్టుకుంటుంది కాబట్టి దాని కదలిక వేరు. దిండు మీద ఆ చేతి సాధన చేసినా డప్పు మీద అక్కరకు రాదు. దాన్ని డప్పు మీదే, చర్మం మీద గుడ్డ వేసుకుని చేసుకోవాలి. సిర్ర పట్టే కుడిచేతికి మాత్రం పైన చెప్పిన మొదటి మూడు అభ్యాసాలు బాగా పనికొస్తాయి. పట్టు, కోణం డప్పుకు తగ్గట్టు ఉంచుకోండి, స్టిక్‌లా పట్టుకోవద్దు.

వానాకాలంలో, ముఖ్యంగా బోనాల రోజుల్లో, దీని విలువ తెలుస్తుంది. చర్మం తేమ పీల్చి వదులవుతుంది, పుల్ల లేవదు. మంటకు కాపితే బిగుస్తుంది, ఊరేగింపు సగం నడిచేసరికి మళ్లీ సడలుతుంది. మళ్లీ కాపేదాకా తీన్మార్ ఆగకుండా నడిపించాల్సింది మణికట్టే. ఒగ్గు డోలు, బ్యాండు మేళం సైడ్ డ్రమ్ వాయించేవాళ్లకూ గంటల తరబడి నిలబడి వాయించే ఓపిక కావాలి. వాళ్లు రెండో అభ్యాసాన్ని నిలబడి, వాయిద్యం వేలాడే ఎత్తులో దిండును పెట్టుకుని చేయడం మేలు.

నొప్పి వస్తే

ముంజేయి పైవైపు మధ్యలో బరువుగా, వేడిగా అనిపిస్తే అది అలసట, నిమిషం ఆగితే తగ్గుతుంది. బొటనవేలు మొదట్లోనో, మణికట్టు కీలులోనో, మోచేతి బయటి ఎముక దగ్గరో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ రోజుకు అక్కడితో ఆపండి. వేళ్లలో తిమ్మిరి, చీమలు పాకినట్టు అనిపించినా అంతే. రెండు మూడు రోజులు దిండు ముట్టకండి, తరువాత దర్రీ రెండు మడతల నుంచి మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ అదే చోట నొప్పి వస్తుంటే ఎముకల డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో కలవండి. జండూబామ్ రాసి వాయిస్తూ పోవద్దు.

ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం

నెలకోసారి ఫ్లోర్ టామ్ మీద, అది దొరకకపోతే వదులుగా బిగించిన ఏ డ్రమ్ మీదైనా, సింగిల్స్‌ను నిమిషం పాటు రికార్డ్ చేయండి. పోయిన నెల రికార్డింగ్ పక్కన పెట్టి వినండి. వేగం చూడకండి, ఎడమ చేతి దెబ్బ కుడి చేతి దెబ్బంత వినిపిస్తోందా, నలభయ్యో సెకను తరువాత పడిపోతోందా అన్నదే చూడండి. రెండు చేతులూ చివరిదాకా సమానంగా వినిపించిన నెల నుంచి దిండును వారానికి రెండు రోజులకు తగ్గించి, మిగతా రోజులు ప్యాడ్ మీద డౌన్‌స్ట్రోక్‌లకు, వేళ్ల పనికి ఇవ్వండి.